ఫోన్-ఇన్: పింఛను ఆగిపోతే, ఇల్లు రాయించుకున్న కొడుకు చూడకపోతే ఎవరిని అడగాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. పింఛన్లు, ధ్రువపత్రాలు, పెద్దవాళ్ల పోషణ గురించి ఈ రోజు మీ ప్రశ్నలకు మేడంగారు సమాధానం చెబుతారు. లైన్లో ఉన్నారు, మాట్లాడండి.

కాలర్ (నల్గొండ జిల్లా): నమస్తే మేడం. మా ఆయన పోయి ఎనిమిది నెలలైంది. వయసు నలభై మూడు. ఇంటాయన పోతే ఇరవై వేలు ఇస్తరంట గదా, నిజమేనా?

నిపుణురాలు: నిజమేనమ్మా. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం అంటారు. ఇల్లు నడిపే మనిషి 18 నుంచి 59 ఏళ్ల లోపు చనిపోతే, పేద కుటుంబానికి ఒకేసారి 20,000 రూపాయలు. మరణ ధ్రువపత్రం తీసుకున్నారా?

కాలర్: లేదు మేడం. పంచాయతీల రాపియ్యలే.

నిపుణురాలు: ముందు ఆ పని చూడండి. చనిపోయిన 21 రోజుల్లో రాయిస్తే రూపాయి ఖర్చు ఉండదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుము. నెల దాటి ఏడాది లోపల అయితే పైఅధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటిందా, మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్తుంది. మీకింకా నాలుగు నెలల టైముంది. రేపే పంచాయతీ కార్యదర్శిని కలవండి. ఆసుపత్రిలో పోయారా, ఇంట్లోనా?

కాలర్: ఇంట్లనే మేడం.

నిపుణురాలు: అయితే కార్యదర్శి స్థానికంగా విచారించి రాస్తారు. పేరు ఆధార్‌లో ఎట్లా ఉందో అక్షరం పొల్లుపోకుండా అట్లాగే రాయించండి. ఆ కాగితం చేతికొచ్చాక తహసీల్దార్ ఆఫీసులో ఇరవై వేలకు దరఖాస్తు ఇవ్వండి. వితంతు పింఛనుకు కూడా అదే కాగితం అడుగుతారు, కాబట్టి నకళ్లు నాలుగు తీసి పెట్టుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి, రసీదు నంబరు ఇవ్వనిదే కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు.

వ్యాఖ్యాత: థాంక్స్ అమ్మా. తర్వాత కాలర్.

కాలర్ (పశ్చిమ గోదావరి జిల్లా): నమస్కారమండీ. మాది భీమవరం దగ్గరండీ. మా అమ్మగారికి డెబ్భై రెండేళ్లండి. నాన్నగారు పోయాక తమ్ముడి దగ్గరే ఉండేది. ఇల్లు కూడా తమ్ముడి పేర రాసేసిందండి, ఐదేళ్లయింది. ఇప్పుడు ఆవిడకి ముద్ద పెట్టడం లేదు. మొన్న సంక్రాంతికి వస్తే మా ఇంట్లోనే అట్టేపెట్టేసుకున్నాను. మా ఆయన మంచోరేనండి, ఏమీ అనరు. అయినా ఎన్నాళ్లని... అదీగాక పింఛను కూడా ఆగిపోయింది. నాలుగు వేలండి.

వ్యాఖ్యాత: ప్రశ్న ఏంటమ్మా?

కాలర్: అదేనండి, ఆ ఇల్లు మళ్ళీ అమ్మ పేరు మీదకి వస్తుందా అని.

నిపుణురాలు: ఆగండి, ఆగండి. రెండు సంగతులున్నాయి. ముందు పింఛను. ఎన్ని నెలలు తీసుకోలేదు?

కాలర్: మూడు నెలలండి. కాదు, నాలుగు.

నిపుణురాలు: అదే కారణం. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి ఇస్తారు. ఒక నెల, రెండు నెలలు మనిషి ఊళ్లో లేకపోయినా మూడో నెల వస్తే మొత్తం కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్కేసి ఆపేస్తారు. మీ అమ్మగారి పాత ఊరి సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుడిని కలవండి. పింఛను ఐడీ నంబరు చెబితే ఎందుకు ఆగిందో ఆయన లాగిన్‌లో కనిపిస్తుంది. మళ్లీ ఇప్పించమని ఎంపీడీవోకి అర్జీ పెట్టండి. ఇక మీ దగ్గరే ఉంటారనుకుంటే మీ ఊరి సచివాలయానికి బదిలీ కోసం అడగండి. పింఛను ఐడీ, ఆధార్, మీ సచివాలయం పేరు కావాలి. అక్కడ పని కాకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేయండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్ఎస్‌లో, అంటే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో, ఇవ్వండి. ఏది చేసినా రసీదు.

కాలర్: సరేనండి. మరి ఇల్లు...

నిపుణురాలు: వస్తున్నా. ఆ రాసిచ్చింది ఏ దస్తావేజు? దానమా, ఇంట్లోవాళ్లకు రాసిచ్చే దఖలు సెటిల్‌మెంటా, అమ్మకమా?

కాలర్: దఖలు అనే అన్నారండి. కాగితం తమ్ముడి దగ్గరుంది. అమ్మకి చదువు రాదు. అప్పుడు చెప్పాడండి, "అమ్మా నిన్ను కడదాకా చూస్తాను" అని, అందరి ముందూ చెప్పాడు...

నిపుణురాలు: నోటితో చెప్పింది వేరు, దస్తావేజులో రాసింది వేరు. ఈ తేడా దగ్గరే అందరూ దెబ్బతింటున్నారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాడు చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేసే అధికారం ఈ కేసులు వినే ట్రైబ్యునల్‌కి ఉంది. షరతు ఉండాలి, అది ముఖ్యం. 2022లో సుప్రీంకోర్టు షరతు రుజువు కావాలని గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో ఒక తల్లి కేసులో ఈ చట్టాన్ని పెద్దవాళ్ల వైపు నుంచి ఉదారంగా చదవాలంది. ఆ కేసులో దస్తావేజు రోజునే కొడుకు రాసిచ్చిన పత్రం పనికొచ్చింది. అందుకే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు తీసుకోండి, ఈసీ, అంటే ఆ ఇంటి లావాదేవీల ధ్రువపత్రం కూడా.

కాలర్: ఈసీ ఎందుకండీ?

నిపుణురాలు: మీ తమ్ముడు ఆ ఇల్లు ఇంకెవరికైనా అమ్మాడా, తాకట్టు పెట్టాడా అన్నది తెలుస్తుంది. ఇల్లు మూడో మనిషి చేతికి వెళ్లిందంటే చిక్కు పెరుగుతుంది. నకలు చేతికొచ్చాక అందులో "పోషణ", "సంరక్షణ", "జీవితాంతం" అనే మాటలున్నాయేమో చూడండి. ఉంటే కేసు బలంగా ఉంటుంది. లేకపోతే అదే సమయంలో రాసుకున్న ఇంకే కాగితమైనా వెతకండి, పెద్దమనుషుల ఒప్పంద పత్రం లాంటిది.

కాలర్: అంటే ఇల్లు వస్తుందా రాదా?

నిపుణురాలు: (నవ్వు) దస్తావేజు చూడకుండా వస్తుందని చెప్పేవాళ్లను నమ్మొద్దమ్మా. కానీ ఇల్లు రాకపోయినా పోషణ ఖర్చు అడిగే హక్కు మీ అమ్మగారికి ఎక్కడికీ పోదు. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. కేసు తేలేలోగా మధ్యంతర పోషణ కూడా అడగొచ్చు.

కాలర్: కోర్టుకెళ్లాలాండీ? మాకు లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదండి.

నిపుణురాలు: కోర్టు కాదు, ఆర్డీవో గారి ట్రైబ్యునల్. అసలు అక్కడ లాయర్‌ని పెట్టుకోవాల్సిన పని లేదు. తెల్ల కాగితం మీద అమ్మ పేరు, వయసు, పిల్లలందరి పేర్లు, చిరునామాలు, వాళ్ల ఆదాయం, ఏం జరిగింది, ఏం కావాలి, ఇవి రాయండి. అమ్మ వేలిముద్ర వేయించండి. ఆధార్, దస్తావేజు నకలు జత చేయండి. ఎదుటివాళ్లు ఎందరో అన్ని ప్రతులు అదనంగా పెట్టండి. అమ్మ ఇప్పుడు మీ దగ్గరుంది కాబట్టి మీ జిల్లాలోనే పెట్టొచ్చు, తమ్ముడుండే జిల్లాలోనూ పెట్టొచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం. కారణం ఉంటే ఇంకో 30 రోజులు. ఉత్తర్వు వచ్చాక కట్టకపోతే వారెంటు, నెల దాకా జైలు.

కాలర్: బాబోయ్, తమ్ముడు జైలుకెళ్లాలని కాదండి...

నిపుణురాలు: తెలుసమ్మా. నోటీసు అందగానే చాలామంది రాజీకి వస్తారు, అక్కడ రాజీ చేసే అధికారి కూడా ఉంటారు. ఇంకో సంగతి, ముందే చెప్పడం మంచిది. మీ తమ్ముడు "అక్క కూడా బిడ్డే, ఆవిడా ఇవ్వాలి" అని మిమ్మల్ని కూడా చేర్చమని అడగొచ్చు. చట్టంలో కొడుకు, కూతురు తేడా లేదు. ఆ మాట వింటే కంగారు పడొద్దు.

కాలర్: అబ్బే, నేనిస్తానండి. మరి... ఇల్లు మాత్రం తమ్ముడి పేరనే ఉంటుందాండీ?

వ్యాఖ్యాత: అమ్మా, మేడం చెప్పారు కదా...

నిపుణురాలు: ఉండండి. వరసగా చెప్తా, రాసుకోండమ్మా. ఒకటి, సబ్ రిజిస్ట్రార్ దగ్గర నకలు, ఈసీ. రెండు, ఆర్డీవో దగ్గర పోషణకూ, దస్తావేజు రద్దుకూ ఒకే అర్జీ. మూడు, పింఛనుకి వేరే అర్జీ. దీన్ని దానిలో కలిపితే రెండూ ఆగిపోతాయి. అర్జీ రాయడం రాకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవల సంస్థ. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది.

వ్యాఖ్యాత: థాంక్స్ అమ్మా. నెక్స్ట్.

కాలర్ (కర్నూలు నుంచి హైదరాబాద్‌కి పనికొచ్చిన వ్యక్తి): సార్, మాకు ఆంధ్ర రేషన్ కార్డు ఉంది. హైదరాబాద్‌లో బియ్యం ఇస్తారా?

నిపుణురాలు: ఆహార భద్రత కింద ఉన్న కార్డైతే ఇక్కడ ఏ డిపోలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. మనిషికి 5 కిలోలు, కేంద్రం కోటా. తెలంగాణ కార్డుదారులకిచ్చే ఆరు కిలోల సన్నబియ్యం మీకు రావు, దానికి డీలర్‌తో గొడవ వద్దు. ఇంట్లో అందరి ఈ-కేవైసీ అయిందా?

కాలర్: పిల్లలది...

నిపుణురాలు: కాకపోతే వాళ్ల వాటా ఆగిపోవచ్చు. అది ముందు...

వ్యాఖ్యాత: లైన్ కట్ అయినట్టుంది. తర్వాతి వారు.

కాలర్ (వరంగల్): మేడం, మా తమ్ముడు తాగుడు మానలేకపోతున్నడు. రాత్రిపూట సచ్చిపోత అంటడు.

నిపుణురాలు: ఇది వాయిదా వేసే మాట కాదు. 14416, టెలి మానస్, మానసిక ఆరోగ్య సాయం లైను, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఈ పూటే మీరు ఫోన్ చేయండి, ఆయన వద్దన్నా సరే. ఒంటరిగా వదలొద్దు. పురుగుల మందు, తాళ్లు చేతికి దొరక్కుండా తీసేయండి. ప్రమాదం అనిపిస్తే 112. అన్నట్టు తాగుడు ఒక్కసారిగా మాన్పించొద్దు, వణుకు, ఫిట్స్ వస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించి మానిపించండి.

వ్యాఖ్యాత: చివరి కాల్, టైం అయిపోయింది, త్వరగా.

కాలర్ (కరీంనగర్): బాబుకి వైకల్యం 35 శాతం అని రాసిన్రు. పింఛను వస్తదా?

నిపుణురాలు: 40 శాతం లోపు రాదు. ఆ శాతం తప్పు అనిపిస్తే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేయొచ్చు. పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లండి, స్కానింగ్ ఫిల్ములతో సహా.

కాలర్: అప్పీలు ఎక్కడ...

నిపుణురాలు: జిల్లా దివ్యాంగుల సంక్షేమ అధికారి దగ్గర అడగండి. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకదాని మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.