కొత్త కాలనీల రోడ్లకు డబ్బు ఎక్కడిది?

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు చుట్టూ పొలాలు కాలనీలవుతున్నాయి. ఇళ్లు లేచినంత వేగంగా రోడ్లు రావడం లేదు. అమ్మా, ముందు మీ కాలనీ సంగతి చెప్పండి.

కాలనీ సంఘం ప్రతినిధి: మాది అనుమతి లేని లేఅవుట్. అమ్మేటప్పుడు ముప్పై అడుగుల రోడ్డని కాగితం మీద గీసి చూపించారు. వానాకాలం వస్తే స్కూలు బస్సు మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. పిల్లలు బూట్లు చేత పట్టుకుని బురదలో నడిచి వస్తారు. ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం కింద డబ్బు కట్టాం, ఇంటి పన్ను కడుతున్నాం. అడిగితే నిధులు లేవంటారు. మరి మేం కట్టింది ఏమైనట్టు?

పరిశోధకురాలు: ఆమె సరిగ్గా అడిగారు. 2020 ఎల్‌ఆర్‌ఎస్‌లో క్రమబద్ధీకరణ రుసుముతో పాటు, ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో ప్లాటు విలువపై 14 శాతం అదనంగా కట్టాలి. ఆ సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి సదుపాయాలకే వాడాలన్నది నిబంధన. అలాంటప్పుడు ఏ కాలనీ నుంచి ఎంత వచ్చిందో, అక్కడ ఎంత ఖర్చయిందో బోర్డు మీద రాసి పెట్టాలి. ఇంకొకటి, ఇక్కడ ప్లాటు రిజిస్ట్రేషన్‌కు కట్టే 7.5 శాతంలో 1.5 శాతం బదిలీ సుంకం. అది స్థానిక సంస్థలకు చెందాల్సిన డబ్బు. ముందు రాష్ట్ర ఖజానాకు చేరుతుంది గనుక, అక్కడ ఆలస్యమైతే ఇక్కడ పనులు ఆగుతాయి.

వ్యాఖ్యాత: అనుమతి ఉన్న లేఅవుట్లలోనూ గుంతలు చూస్తున్నాం కదా?

విశ్రాంత ఇంజినీరు: అక్కడ రోడ్లు, డ్రైనేజీ, వీధి దీపాలు అన్నీ డెవలపర్ ఖర్చే. పూచీగా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉంటాయి. పనులు పూర్తయ్యాయని తేలాకే వాటిని విడిపించాలి. అసలు కీలకం ఆ ఒక్క సంతకం. నేను రోడ్డు అంచున గునపంతో తవ్వించి చూసేవాణ్ని. పైన తారు నిగనిగలాడుతుంటే, కంకర పొర ఉండాల్సిన చోట ఎర్రమట్టి బయటపడిన సందర్భాలున్నాయి. దాన్ని సరేనని అప్పగించుకుంటే, మరమ్మతు ఖర్చంతా పన్ను కట్టేవాళ్ల నెత్తినే పడుతుంది.

వ్యాఖ్యాత: హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీలాగా చిన్న పురపాలికలూ బాండ్లతో అప్పు తెచ్చుకోవచ్చు కదా?

పరిశోధకురాలు: జీహెచ్‌ఎంసీ 2018, 2019లలో మూడు విడతలుగా 495 కోట్ల రూపాయలు సేకరించింది. వడ్డీ మొదటి విడతకు 8.9 శాతం, చివరిదానికి 10 శాతం దాటింది. ఆ డబ్బు ఫ్లైఓవర్ల వంటి పెద్ద పనులకు వెళ్లింది. 2020లో 709 కిలోమీటర్ల రోడ్ల నిర్వహణను ఐదేళ్లకు సంస్థలకు అప్పగించారు, సుమారు 1,839 కోట్లతో. అవీ ప్రధాన రహదారులే. నిలకడైన రాబడి చూపించలేని చిన్న పురపాలికను నమ్మి అప్పిచ్చేదెవరు? కాలనీ వీధి ఎప్పుడూ వరుసలో చివరనే నిలబడుతోంది, అది అన్యాయం.

కాలనీ సంఘం ప్రతినిధి: ఇంటికింత వేసుకుని మేమే సీసీ రోడ్డు వేయించుకుందామని కొందరంటున్నారు.

విశ్రాంత ఇంజినీరు: తొందరపడకండమ్మా. మురుగు లైను పడిందా?

కాలనీ సంఘం ప్రతినిధి: ఇంకా లేదండీ.

విశ్రాంత ఇంజినీరు: అయితే ముందు దానికోసం పట్టుబట్టండి. లేదంటే వేసిన రోడ్డునే మళ్లీ తవ్వుతారు. ఎల్‌ఆర్‌ఎస్ రసీదులన్నీ ఒకచోట చేర్చి, మీ కాలనీ నుంచి వెళ్లిన మొత్తం ఎంతో లెక్క కట్టండి. సమాచార హక్కు కింద ఆ ఖాతా వివరాలు అడగండి. పని మొదలయ్యాక ఎం-బుక్, అంటే పని కొలతలు రాసే పుస్తకం నకలు కూడా తీసుకోండి, ఏ పొర ఎంత మందం వేశారో అందులో రాసి ఉంటుంది. టేపు పట్టుకుని మీరే కొలుచుకోవచ్చు.