డిసెంబర్ 4: ఒకే తేదీ, నాలుగు రికార్డులు

ప్రేక్షకులకు నమస్కారం. ఈ ఛానెల్‌లో ప్రతిసారీ ఒక ఆల్బమ్‌నో, ఒక గాయకుడి పాటలనో తీసుకుని సమీక్షిస్తూ వచ్చాను. ఈసారి ఒక తేదీని తీసుకున్నాను. గత చలికాలంలో ఒక గురువారం మన హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో పాత ఇత్తడి సామాన్ల పక్కన పేర్చి ఉన్న గ్రామఫోన్ రికార్డుల దొంతరలో ఘంటసాల గారి పేరున్న 78 ఆర్.పి.ఎం. (నిమిషానికి 78 సార్లు తిరిగే) రికార్డు ఒకటి నాకు దొరికింది. దాన్ని ఇంటికి తెచ్చి, మెత్తని గుడ్డతో తుడిచి వింటున్నప్పుడు ఆయన పుట్టిన తేదీ గుర్తుకు వచ్చింది. అదే డిసెంబర్ 4న అమెరికాలోనూ ఐరోపాలోనూ జరిగిన సంగీత ఘట్టాలు కొన్ని ఒకదాని వెంట ఒకటి మనసులో మెదిలాయి. వాటికి సంబంధించిన రికార్డులన్నీ వరుసగా మూడు రాత్రులు కూర్చుని విన్నాను.

ఒకే తేదీన వేర్వేరు సంవత్సరాల్లో జరిగిన సంఘటనలకు పరస్పర సంబంధం ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ రికార్డులను పక్కపక్కన పెట్టి విన్నప్పుడు, ఒక పాట రూపాన్ని నిర్ణయించడంలో పాడినవాళ్ల విద్వత్తుకు ఎంత భాగం ఉందో, దాన్ని పట్టి నిలిపిన యంత్రానికి కూడా అంత భాగం ఉందని నాకు బలంగా అనిపించింది. ఈ సమీక్షలో ప్రధానంగా ఆ సంగతే చెప్పదలచుకున్నాను.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో జన్మించారు. విజయనగరంలో మధుకరం ఎత్తుకుని (ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని) పొట్ట నింపుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం అభ్యసించారు. ఆయన జీవిత కథ మీలో చాలామందికి తెలిసినదే కనుక దానిలోకి వెళ్లను. నా దృష్టి ఆయన పద్యం మీద ఉంది. అప్పటి రంగస్థల నటులు పద్యం చివర రాగాన్ని ఎంతసేపైనా సాగదీసేవారు. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అంటే మళ్లీ మొదటి నుంచి అందుకునేవారు. 78 ఆర్.పి.ఎం. రికార్డులో ఒక వైపున సుమారు మూడు నిమిషాలకు మించి చోటు లేదు. కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' పద్యాలను ఘంటసాల గారు పాడిన తీరు వినండి. రాగం పద్యానికి ముందు ఒక గీతలా మెరిసి తప్పుకుంటుంది, పదం విరిచినచోట అర్థం విరగదు, పూవు తన బాధ చెప్పుకుంటున్న మాట ప్రతి అక్షరంలోనూ స్పష్టంగా వినబడుతుంది. ఆయన సంయమనానికి మూలం ఆయన అభిరుచే. అయితే ఆ అభిరుచికి సరిగ్గా సరిపోయే కొలతను రికార్డు సమకూర్చింది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఘంటసాల గారి పాటల కచేరీలు నేను చాలా విన్నాను. అక్కడ ఎంతో మంచి గొంతున్నవాళ్లు కూడా, కాలపరిమితి లేదన్న ధీమాతో చివరి రాగాన్ని పొడిగించినప్పుడు, పద్యం ఆయన దగ్గర నుంచి జారి మళ్లీ పాత రంగస్థలం మీదికి వెళ్లిపోతుంది. ఈ మాట చిన్నబుచ్చడానికి అనడం లేదు. ఆ క్లుప్తత సాధించడం ఎంత కష్టమో చెప్పడానికి అంటున్నాను.

ఇక రెండవ రికార్డు. 1956 డిసెంబర్ 4, మంగళవారం. ఆ రోజుకు హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ రాజధానిగా మారి నెల దాటి మూడు రోజులు. ఘంటసాల గారికి 34 ఏళ్లు నిండాయి; ఆయన సంగీతంతో 'మాయాబజార్' విడుదల కావడానికి ఇంకా నాలుగు నెలలు కూడా లేవు. అదే రోజున అమెరికాలోని మెంఫిస్ నగరంలో, యూనియన్ అవెన్యూలో శామ్ ఫిలిప్స్ నడుపుతున్న సన్ స్టూడియో అనే చిన్న గదిలో రాక్ అండ్ రోల్ గాయకుడు కార్ల్ పెర్కిన్స్ తన అన్నదమ్ములతో కలిసి పాటలు రికార్డు చేసుకుంటున్నారు. పియానో వాయించడానికి కుదిరిన కుర్రవాడు జెర్రీ లీ లూయిస్. అతని తొలి రికార్డు అప్పుడప్పుడే బయటికి వచ్చింది. మధ్యాహ్నం ఎల్విస్ ప్రెస్లీ ఊరికే చూసిపోదామని వచ్చారు. ఏడాది క్రితమే ఆయన ఒప్పందాన్ని ఫిలిప్స్ 35,000 డాలర్లకు ఆర్‌సీఏ కంపెనీకి అమ్మేశారు. అంటే ఎల్విస్ ఆ స్టూడియోకు చుట్టపుచూపుగా వచ్చినవాడే తప్ప, అక్కడ పాడవలసిన బాధ్యత ఉన్నవాడు కాదు. అదే స్టూడియోలో రికార్డులు చేస్తున్న గాయకుడు జానీ క్యాష్ కూడా ఉన్నారు. ఎల్విస్‌కు, జెర్రీ లీకి 21 ఏళ్లు. పెర్కిన్స్‌కు, క్యాష్‌కు 24 ఏళ్లు. ఎల్విస్ పియానో ముందు కూర్చోగానే పాటలు మొదలయ్యాయి. ఇంజనీరు జాక్ క్లెమెంట్ టేపును తిరగనిచ్చారు. ఫిలిప్స్ స్థానిక పత్రికకు కబురు పెట్టారు. మర్నాడు వచ్చిన వార్తతో ఆ నలుగురికీ 'మిలియన్ డాలర్ క్వార్టెట్' అనే పేరు స్థిరపడింది.

ఆ పేరు విని గొప్ప కచేరీని ఊహించుకుని కూర్చుంటే మీకు నిరాశే మిగులుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు నాకూ అలాగే జరిగింది. ఒక్క పాటా సక్రమంగా ముగియదు. చక్ బెర్రీ పాట ఒకటి సాహిత్యం గుర్తురాక మధ్యలో ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది. తలుపు చప్పుడు, నవ్వులు, ఎవరో ఎవరినో పలకరించడం, అన్నీ టేపులోకి వచ్చాయి. రెండవసారి విన్నప్పుడు మాత్రం నా చెవి వాళ్లు పాడిన చర్చి పాటల మీద నిలిచింది. నలుగురూ అమెరికా దక్షిణాది పల్లెల్లో, చిన్న ఊళ్లలో చర్చి పాటల మధ్య పెరిగినవాళ్లే. ఒకరు పల్లవి ఎత్తుకోగానే మరొకరు పై స్థాయిలో, ఇంకొకరు కింది స్థాయిలో అందుకునే తీరు, మన ఊళ్లలో ధనుర్మాసపు భజనలో ముందు వరుస వారు చరణం వదలకముందే వెనుక వరుస వారు పల్లవి అందుకునే తీరుకు ఎంతో దగ్గరగా ఉంటుంది. అక్కడ పోటీ లేదు, పేరు లేదు. పాట అందరికీ ముందే తెలుసు. ఎల్విస్ ఒకచోట, తన పాటనే లాస్ వేగస్‌లో ఒక నల్లజాతి గాయకుడు తనకంటే బాగా పాడాడని, అతడిని వినడానికి మళ్లీ మళ్లీ వెళ్లానని చెప్పి, అతని ఉచ్చారణను అనుకరిస్తూ పాడి వినిపిస్తారు. ఆ గాయకుడు అప్పుడు డామినోస్ బృందంలో ఉన్న జాకీ విల్సన్. అప్పటికి అమెరికా అంతటా మారుమోగుతున్న 21 ఏళ్ల కుర్రవాడు, ఎదుటివాడి గొప్పతనాన్ని ఇంత సంతోషంగా ఒప్పుకోవడం ఏ ప్రకటన కోసమూ కాదు. టేపు తిరుగుతున్న ఆ గదిలో మిత్రులతో చెప్పుకున్న మాట అది. ఆల్బమ్ మొత్తంలో నాకు అత్యంత విలువైన రెండు మూడు నిమిషాలు అవే.

లోపం కూడా చెప్పాలి. ఆ రోజు తీసిన ఫొటోలో కనిపించే జానీ క్యాష్ గొంతు టేపులో గుర్తుపట్టడం చాలా కష్టం. తాను మైకుకు దూరంగా ఉన్నానని, ఎల్విస్ శ్రుతికి తగ్గట్టు తన మామూలు స్థాయికి మించి పైన పాడానని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. కారణం ఏదైనా, ఆయన గంభీర స్వరం కోసమే ఈ రికార్డు కొనదలచినవారు ఆ ఆశ వదులుకోవడం మంచిది. ఈ టేపు చాలా ఏళ్లు అలమరలోనే ఉండిపోయి, 1981లో ఐరోపాలో తొలిసారి ఆల్బమ్‌గా వచ్చింది. మీరు వినదలిస్తే 2006లో 50 ఏళ్ల సందర్భంగా వచ్చిన సంపుటిని ఎంచుకోండి. అందులో పాటలు ఆ మధ్యాహ్నం సాగిన క్రమంలోనే ఉంటాయి.

మూడవ, నాలుగవ రికార్డులు ఒకే మంటలోంచి పుట్టాయి. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మోంట్రో పట్టణపు కాసినోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాప్పా తన మదర్స్ బృందంతో కచేరీ చేస్తున్నారు. ప్రేక్షకుల్లో ఒకడు ఫ్లేర్ గన్‌ను (వెలుగు సంకేతం పంపే తుపాకీని) పైకప్పు వైపు పేల్చడంతో నిప్పు అంటుకుని, భవనం మొత్తం బూడిదైంది. ప్రాణనష్టం జరగలేదు. ప్రేక్షకుడొకరు రహస్యంగా చేసుకున్న రికార్డింగ్‌ను 1992లో 'స్విస్ చీజ్/ఫైర్!' పేరుతో విడుదల చేశారు. ధ్వని నాణ్యత బాగా తక్కువ. పాటల కోసం దీన్ని వినమని చెప్పలేను. అయితే సింథసైజర్ వాదన సాగుతుండగా వాయిద్యం ఆగిపోయి, తొందరపడకుండా ద్వారాల వైపు నడవమని జాప్పా ప్రేక్షకులకు నెమ్మదిగా చెప్పడం వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఒక మనిషి స్థిమితం ఎంతమందిని కాపాడగలదో అక్కడ స్వయంగా వినవచ్చు.

ఆ కాసినో ఆ కచేరీ తర్వాత చలికాలానికి మూతపడగానే అక్కడ ఆల్బమ్ రికార్డు చేసుకోవడానికి బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ ఊళ్లోకి దిగి ఉంది. రోలింగ్ స్టోన్స్ వారి స్టూడియో ట్రక్కును అద్దెకు తెచ్చుకుని, పాడడానికి భవనం లేక, సరస్సు మీద పరచుకున్న పొగను హోటల్ నుంచి చూస్తూ నిలబడ్డారు. కొన్ని రోజులకు బేస్ గిటారిస్టు రోజర్ గ్లోవర్ నిద్ర లేస్తూనే 'స్మోక్ ఆన్ ద వాటర్' (నీటి మీద పొగ) అనే పాట పేరు నోట పలికారు. పెవిలియన్ అనే థియేటర్‌లో రాత్రివేళ ఆ పాట వాద్య భాగం రికార్డు చేస్తుండగా మోతకు పోలీసులు వచ్చారు. చివరికి మూసి ఉన్న గ్రాండ్ హోటల్ నడవాల్లో పరుపులు నిలబెట్టి మిగతా ఆల్బమ్ పూర్తి చేశారు. చేసినది వినడానికి గదులు, బాల్కనీలు దాటుకుంటూ ట్రక్కు దాకా వెళ్లలేక, ఒక దశలో వెళ్లడమే మానుకున్నారు. అలా తయారైన 'మెషీన్ హెడ్' ఆల్బమ్‌లో వినిపించే ముక్కుసూటితనానికి ఇది కూడా ఒక కారణమని నా నమ్మకం.

'స్మోక్ ఆన్ ద వాటర్' తొలి గిటార్ వరుస మీకు తప్పక తెలిసే ఉంటుంది. సికింద్రాబాద్‌లో గిటార్ నేర్పే గదుల ముందు నుంచి సాయంత్రం నడిచి వెళ్లినా అది చెవిన పడుతుంది. స్వరాల్లో చెప్పాలంటే షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. మళ్లీ షడ్జమం, గాంధారం, అక్కడ ప్రతి మధ్యమాన్ని తాకి వెంటనే శుద్ధ మధ్యమానికి దిగడం. రెండు మధ్యమాలు పక్కపక్కన రావడం మన చెవికి కొత్తగా తగులుతుంది; అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతం వాసన ఆ ఒక్క అడుగులోనే ఉంది. బృందం గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ దీన్ని షడ్జమానికీ శుద్ధ మధ్యమానికీ ఉండేంత దూరంలో ఉన్న రెండు తీగలను ఒకేసారి వేళ్లతో మీటి వాయించారు. ఒక్క తీగ మీద నేర్చుకున్నవారికి ఆ బరువు రాకపోవడానికి కారణం ఇదే. సాహిత్యం బుర్రకథలో కథకుడు ఊరి పేరు, మనిషి పేరు చెప్పి జరిగింది జరిగినట్టు వినిపించిన పద్ధతిలో సాగుతుంది. అందులో పిల్లలను బయటికి లాగినట్టు వచ్చే క్లాడ్, మోంట్రో జాజ్ ఉత్సవాన్ని స్థాపించిన క్లాడ్ నోబ్స్ గారే.

1976లో ఇదే తేదీన, బ్లాక్‌మోర్ స్థానంలో డీప్ పర్పుల్‌లో చేరిన గిటారిస్టు టామీ బోలిన్ 25 ఏళ్లకే మరణించారు. డ్రమ్మర్ జాన్ బోనమ్ మరణం తర్వాత తాము కొనసాగలేమని మరో బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ ప్రకటించినది 1980 డిసెంబర్ 4న. అది కాగితం మీది ప్రకటన కనుక ఇక్కడ సమీక్షించడానికి ధ్వని ఏదీ లేదు.

కాసినో మంట జరిగిన ఆరు రోజులకే లండన్‌లో ఒక ప్రేక్షకుడు వేదిక మీది నుంచి తోసివేయడంతో జాప్పా తీవ్రంగా గాయపడి, చాలాకాలం చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. అయినా సంగీతం రాయడం ఆపలేదు. ఆయన క్యాన్సర్‌తో 52 ఏళ్ల వయసులో కన్నుమూసిన రోజు 1993 డిసెంబర్ 4. మోంట్రోలో ఆయన ప్రేక్షకులను ద్వారాల వైపు నడిపించిన రోజుకు సరిగ్గా 22 ఏళ్లు. ఆ పాత టేపును హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇంట్లో అందరూ నిద్రపోయాక వినండి. నమస్కారం.