ఖరీదైన ఎలక్ట్రిక్ కారు: మొదటి యజమాని నష్టం ఎక్కడ మొదలవుతుంది?

నమస్కారం. తరుగుదల అనగానే మనకు అరిగిన టైర్లు, తిరిగిన కిలోమీటర్లు గుర్తుకొస్తాయి. ఖరీదైన ఎలక్ట్రిక్ కార్ల విషయంలో మాత్రం, యజమాని ఇంట్లో కారు కదలకుండా ఉన్నా, షోరూంలో కొత్త కారు ధర తగ్గిన రోజునే అసలు నష్టం జరిగిపోతుంది.

[తెరపై: టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్, అమెరికా ధరలు]

అమెరికాలో 2022 చివర ఈ కారు ధర 1,35,990 డాలర్లు. 2023 జనవరిలో టెస్లా దాన్ని 1,14,990కి తగ్గించింది. అదే ఏడాది సెప్టెంబరు నాటికి 89,990కి దించింది. అంటే ఏడాది తిరగకుండానే కొత్త కారు మీద 46,000 డాలర్లు, అప్పటి మారకం రేటులో సుమారు 38 లక్షల రూపాయలు తగ్గిపోయాయి. ఆ సెప్టెంబరులో పాత కారును అమ్మకానికి పెట్టిన వ్యక్తిని ఊహించండి: గీత కూడా పడని రంగు, తళతళలాడే సీట్లు చూపిస్తూ ఆయన లక్ష డాలర్లు అడుగుతుంటే, ఎదుటివాడు ఫోను తీసి, కొత్త కారే అంతకంటే తక్కువకు వస్తోందని చూపిస్తాడు. ఇక బేరమేముంది?

పెట్రోలు కార్ల కంపెనీలు ఇంత పెద్ద కోతలు ఇంత తక్కువ కాలంలో పెట్టడం అరుదు. కొన్నేళ్లుగా మొత్తమ్మీద బ్యాటరీ ఖర్చు తగ్గుతూ రావడం, పోటీ పెరగడం ఇందుకు ముఖ్య కారణాలు. ఈ దెబ్బ పెద్ద సంస్థలకూ తగిలింది. అద్దె కార్ల సంస్థ హెర్ట్జ్ 2024 జనవరిలో దాదాపు 20,000 ఎలక్ట్రిక్ కార్లను అమ్మేస్తున్నట్టు ప్రకటించి, అందుకుగాను 24.5 కోట్ల డాలర్ల తరుగుదలను లెక్కల్లో చూపింది.

సాంకేతికత మారడం మరో కారణం. 2019లో వచ్చిన పోర్షే టేకాన్‌లో పెద్ద బ్యాటరీ సామర్థ్యం 93.4 కిలోవాట్ అవర్లు. 2024లో వచ్చిన మెరుగైన రూపంలో అది 105కు చేరింది, గరిష్ఠ చార్జింగ్ శక్తి 270 నుంచి 320 కిలోవాట్లకు పెరిగింది. పాత కారు చెడిపోలేదు. కొత్తది దాన్ని పాతదిగా చేసింది.

బ్యాటరీ ఎప్పుడు పోతుందోనన్న భయం కూడా ధరను కిందికి లాగుతుంది. నా దృష్టిలో అది కొంత అతిగా పెరిగిన భయం. మోడల్ ఎస్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లు, ఏది ముందైతే అంతవరకు, కనీసం 70 శాతం సామర్థ్యం నిలుస్తుందని కంపెనీయే వారంటీ ఇస్తుంది. కాబట్టి మూడేళ్ల కారును కొనేవారు బ్యాటరీ ఆరోగ్య నివేదిక అడిగి తీసుకుని, మిగిలిన వారంటీని సరిచూసుకుంటే, మొదటి యజమాని నష్టమే వారికి లాభంగా మారుతుంది.

మన దగ్గర పన్ను లెక్క కూడా ఇందులో కలుస్తుంది. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు. పెట్రోలు కారు అమ్మేవారు లక్షల్లో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో కొంతైనా పాత కారు ధరలో రాబట్టుకుంటారు. ఎలక్ట్రిక్ కారు యజమాని ఆ పన్నే కట్టలేదు, కొత్తగా కొనేవారూ కట్టనక్కరలేదు కనుక, ఆయన ధర కొత్త కారు ధరకు బాగా దిగువనే ఉండాలి. ఈ రాయితీ ఆగిపోతే మాత్రం కొత్త కారు ఆన్‌రోడ్ ధర ఒక్కసారిగా పెరిగి, పాత కారుకు ఆ మేరకు బేరం బలపడుతుంది.