అణువు: అర్థం, పుట్టుక, రాత

సభాసదులకు నమస్కారం.

అతి చిన్నదాన్ని చెప్పడానికి మనకు నలుసు, పిసరు, రవ్వ, ఇసుమంత వంటి మాటలు ఎన్నో ఉన్నాయి. వాటిని పక్కనపెట్టి, సంస్కృతం నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన 'అణువు' గురించి ఈ రోజు మాట్లాడతాను. ఈ మాట మొదట ఒక గుణాన్ని తెలిపే విశేషణం; ఆ తరువాతే వస్తువుకు పేరైంది. ఈ వరుస మరిచిపోవడం వల్లనే దీని అర్థంలోనూ రాతలోనూ చిక్కులు వస్తున్నాయని నా నమ్మకం.

సంస్కృతంలో 'అణు' అంటే సన్నని, సూక్ష్మమైన అని అర్థం. ఋగ్వేదం మొదటి మండలంలో సోమరసాన్ని శుద్ధి చేసే సన్నని వేళ్లను 'అణ్వీ' శబ్దంతో పేర్కొన్నారు. బృహదారణ్యకోపనిషత్తు ధాన్యాలను వరుసగా చెబుతూ ఒక చిరుధాన్యాన్ని ఇదే పేరుతో పిలిచింది. ఛాందోగ్యమైతే హృదయంలోని ఆత్మ వడ్లగింజ కన్నా, యవల కన్నా, ఆవగింజ కన్నా, చివరకు చామగింజలోని బియ్యం కన్నా 'అణీయాన్' అంటుంది, అంటే ఇంకా సూక్ష్మమైనదని. ఇలా ఎక్కువ తక్కువలు చెప్పుకోవడానికి వీలున్న మాట గుణవాచకమే అయి ఉండాలి. అష్టసిద్ధుల్లో మొదటిదైన అణిమ కూడా ఆ గుణానికి పెట్టిన పేరే.

ఇక విభజించడానికి వీలులేనిదాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు ప్రాచీన భారతీయ దర్శనాల్లో ఒకటైన వైశేషికాన్ని అనుసరించినవారు, అంటే వైశేషికులు, ఈ మాటకు 'పరమ' చేర్చి పరమాణువు అన్నారు. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. గవాక్షంలోంచి పడే ఎండలో తేలియాడే నలుసు ఆ త్ర్యణుకమేననీ, కంటికి ఆనేవాటిలో అంతకన్నా చిన్నది లేదనీ వారి సిద్ధాంతం. అణువు ఒక్కటే చాలక 'పరమ' కావలసి వచ్చిందంటే, ఆ మాటకు అప్పటికి ఒక నిర్ణీతమైన కొలత లేదన్నమాట.

ఆ కొలతను నేటి రసాయనశాస్త్రం ఇచ్చింది. ఒక నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే అణుశక్తి, అణుబాంబు అన్నప్పుడు ఆ శక్తి వెలువడేది పరమాణువు నడిమి కేంద్రకం నుంచి కనుక, ఆ మాటలు తప్పని కొందరు అభ్యంతరపెడతారు. నేను వారితో ఏకీభవించలేను. ఆ సమాసాల్లో ఉన్నది 'సూక్ష్మమైన' అనే పాత అర్థం, వాటిని మార్చనక్కరలేదు. తరగతి గదిలో మాత్రం అణువుకూ పరమాణువుకూ తేడా కచ్చితంగా పాటించి తీరాలి.

రాత విషయానికి వస్తే, గురువు, శిశువు లాగా ఇదీ ఉకారాంతం కనుక విడిగా ఉన్నప్పుడు 'వు' చేరుతుంది, అణుమాత్రం వంటి సమాసాల్లో చేరదు. అసలు చిక్కంతా 'ణ' దగ్గరే ఉంది. కారణం, భూషణం వంటి మాటల్లో ముందున్న ర, ష ల వల్ల న కాస్తా ణ అయిందని వ్యాకరణం చెబుతుంది; అణువులో అలాంటి అక్షరమేదీ లేదు, ణ మాటతోనే పుట్టింది. కాబట్టి దీనికి సూత్రం వెతకకుండా గుర్తుపెట్టుకోవడమే దారి. పలుకుబడిలో ణ, న ల తేడా చెరిగిపోతున్నందువల్ల 'అనువు' అని రాసేవారు కనిపిస్తున్నారు. 'అనువుగాని చోట' అని వేమన వాడిన ఆ మాటకు వీలు, తగినది అని అర్థం. 'అణువణువునా' అనవలసిన చోట 'అనువనువునా' అని రాస్తే, అర్థం పూర్తిగా దారి తప్పుతుంది.

సంధిలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అణు, అస్త్రం కలిస్తే యణాదేశం వల్ల, అంటే ఉకారం స్థానంలో వకారం రావడం వల్ల, అణ్వస్త్రం. అణు, ఆయుధం కలిస్తే అణ్వాయుధం. 'అను' ఉపసర్గతో ఏర్పడిన అన్వయం, అన్వేషణ వంటి మాటలను చూసి వీటికీ నకారం పెట్టకూడదు.