తలుపు లేని ధాన్యపు కొట్టు

శ్రోతలకు నమస్కారం.

నేను ముప్పై రెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. వంతెనలు, కాలువ తూములు, స్టాఫ్ క్వార్టర్లు... ఇంజినీర్లు చెప్పింది కాగితం మీద గీయడం నా ఉద్యోగం. ఒకటికి యాభై, ఒకటికి వంద అనే స్కేళ్లు నాకు ఎక్కాల్లా నోటికి వచ్చు. గీత ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే షీటు తిరిగొచ్చేది, దాంతోపాటు నాలుగు చీవాట్లు కూడా. అలాంటివాణ్ణి, రిటైరయ్యాక కావాలనే తప్పు కొలతలతో ఒక ఇల్లు కట్టాను. ఇటుకలతో కాదు లెండి. అట్టతో, ఫోమ్‌తో, మా అబ్బాయి పెళ్లి శుభలేఖలతో. ఇవాళ ఆ ఇంటి సంగతి చెబుతాను.

మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. రెండేళ్ల కిందట నేనూ మా ఆవిడా ఆర్నెల్లు వాడి దగ్గర ఉన్నాం. ప్రతి శనివారం మధ్యాహ్నం వాడు ఒక ప్లాస్టిక్ పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరేవాడు. ఎక్కడికిరా అంటే, "ఆటకి నాన్నా" అనేవాడు. ముప్పై అయిదేళ్లవాడికి పెట్టెలో పట్టే ఆట ఏమిటో నాకు అంతుబట్టలేదు. ఒకరోజు నన్నూ తీసుకెళ్లాడు. చర్చి పక్కన ఒక హాలు. అందులో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్లలు. వాటి మీద పచ్చటి గుడ్డ, బుల్లి చెట్లు, గుట్టలు, కంచెలు, వందలకొద్దీ సైనికుల బొమ్మలు. చుట్టూ చేరినవాళ్లంతా తలలు నెరిసిన పెద్దమనుషులు. ఒకరి చేతిలో కొలిచే టేపు, ఒకరి చేతిలో పాచికలు, అందరి దగ్గరా టీ కప్పులు.

దీన్ని వార్‌గేమింగ్ అంటారు. ఒక దళం ఎన్ని అంగుళాలు కదలాలో, ఎంత దూరం నుంచి కాల్చవచ్చో రూల్సుంటాయి. గుండు తగిలిందో లేదో పాచిక చెబుతుంది. గోడ చాటున ఉన్నవాణ్ణి కొట్టాలంటే పెద్ద అంకె పడాలి, బయట నిలబడ్డవాడికి చిన్నది పడినా చాలు. చదరంగంలో గళ్లుంటాయి గాని కొండా వాగూ ఉండవు. ఇక్కడ గళ్లుండవు, ఆట మొత్తం కొండ మీదా వాగు మీదా ఆధారపడుతుంది. 1812లోనే ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు రాజుకు రైస్విట్జ్ అనే ఆయన ఇలాంటి బల్ల ఒకటి చేయించి ఇచ్చాడు. నేల స్వరూపం చెక్కిన పలకల్ని దాని మీద ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. అది సైనికాధికారుల చదువు కోసం. తర్వాత 1913లో రచయిత హెచ్.జి.వెల్స్ దాన్ని నట్టింట్లో ఆడుకునే ఆటగా మలిచి, నియమాలు రాసి అచ్చు వేయించాడు. మొదట్లో ఆయన గచ్చు మీద ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు పరిచి, అదే యుద్ధభూమి అనుకుని ఆడాడట. మా ఇంట్లో ఉన్న సంపుటాలకు అంతకంటే మంచి ఉపయోగం నాకూ తోచలేదు.

ఆ వేసవిలో వాళ్లు వాటర్లూ యుద్ధం ఆడదామనుకుంటున్నారు. బొమ్మలున్నాయి, ఇల్లు లేదు. మావాడు ఊరుకోకుండా, "మా నాన్న డ్రాఫ్ట్స్‌మన్" అన్నాడు. పని నా నెత్తిన పడింది.

ఆ ఇంటి పేరు లా ఏ సాంత్. బెల్జియంలో, బ్రస్సెల్స్ నుంచి దక్షిణంగా వెళ్లే రోడ్డు వారన, ఇప్పటికీ ఉంది. వ్యవసాయం చేసుకునేవాళ్ల ఇల్లు. నడుమ పెద్ద వాకిలి, చుట్టూ కట్టడాలు, మన మండువా లోగిలిని పదింతలు చేసినట్టు. ఉత్తరాన నివాసం, పడమట పశువుల సాల, దక్షిణాన ధాన్యం నూర్చి దాచే పెద్ద కొట్టు, తూర్పున రోడ్డు వైపు ప్రహరీ, సింహద్వారం. వెల్ల వేసిన గోడలు, ఎర్ర పెంకులు. 1815 జూన్ 18న ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్ సేన గట్టు మీద నిలబడితే, ఈ ఇల్లు సరిగ్గా దాని ముందు, నెపోలియన్ వచ్చే దారిలో ఉంది. మేజర్ బేరింగ్ అనే అధికారి వెల్లింగ్టన్ పక్షాన ఉన్న నాలుగు వందలకు కాస్త తక్కువమంది జర్మన్ సైనికులతో రోజంతా దాన్ని కాపాడాడు.

నేను ప్లాను సంపాదించి, ఆఫీసు అలవాటు కొద్దీ చక్కగా స్కేలుకు గీశాను. అక్కడే మొదటి తగాదా.

వాళ్ల బొమ్మలు 28 మిల్లీమీటర్లవి. మీ బొటనవేలి చివరి కణుపు చూసుకోండి, దాదాపు అంతుంటుంది మనిషి. అది ఇంచుమించు ఒకటికి 56 స్కేలు. ఆ లెక్కన ఆరడుగుల బల్ల అసలు నేల మీద నూరు మీటర్లు. కాని వాటర్లూలో సేనలు బారులు తీరిన మేర సుమారు నాలుగు కిలోమీటర్లు. అదే స్కేలుకు బల్ల చేయాలంటే డెబ్బై మీటర్ల పొడవు కావాలి. చర్చి హాలు కాదు గదా, చర్చి కూడా చాలదు. అందుకని వాళ్లు మనిషిని ఒక స్కేల్లో, నేలను ఇంకో స్కేల్లో కుదించేస్తారు. మరి మధ్యలో ఇల్లు ఎవరి మాట వినాలి? ఎత్తు మనిషి ప్రకారం ఉండాలి, లేకపోతే సైనికుడు చూరును మోస్తున్నట్టు కనిపిస్తాడు. పొడవూ వెడల్పూ నేల ప్రకారం ఉండాలి, లేకపోతే ఒక్క ఇల్లే సగం యుద్ధరంగాన్ని మింగేస్తుంది. ఎత్తు అలాగే ఉంచి, ప్లింత్ ఏరియాను, అంటే ఇల్లు నేల మీద ఆక్రమించే మేరను, సగానికి కుదించమన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు.

మా ఆవిడ మాత్రం తేలిగ్గా తీసిపారేసింది. "సంక్రాంతి కొలువులో పచారీ కొట్టుకంటే శెట్టిగారే ఎత్తుంటాడు. ఏనాడైనా ఎవరైనా అడిగారా అండీ?"

అడగలేదు. సరేనని కొత్త షీటు తీశాను. గుమ్మాలతో మొదలుపెట్టాను. రెండు మీటర్ల గుమ్మం ఈ స్కేల్లో 36 మిల్లీమీటర్లు. కాని సైనికుడు గుండ్రటి బిళ్ల మీద నిలబడి ఉంటాడు, నెత్తిన పొడుగు టోపీ. అతను లోపలికి పోగలడని కంటికి అనిపించాలంటే 45 కావాలి. కిటికీలు కూడా అంతే. కప్పు ఊడి రావాలి, ఎందుకంటే లోపల బొమ్మలు పెట్టాలి. గోడల మధ్య మన వేళ్లు దూరాలి. ఇవేవీ ఏ బిల్డింగ్ కోడ్‌లోనూ నేను చదవలేదు.

ఇక మొదటి ఇల్లు. దాన్ని థర్మోకోల్‌తో కట్టాను, చవకని. మూడు రోజుల పని. రంగు వేయడానికి బద్ధకించి స్ప్రే డబ్బా తెచ్చి పెరట్లో కొట్టాను. చూస్తుండగానే గోడలు సలసలమని కుంగిపోయాయి. ఎండలో పెట్టిన వెన్నముద్ద కొంచెం నెమ్మదిగా కరుగుతుందేమో. స్ప్రేలో ఉండే ద్రావకం థర్మోకోల్‌ను తినేస్తుందట. హాల్లో ఉన్న ప్రతివాడూ జీవితంలో ఒక్కసారైనా ఇలా ఒక ఇల్లు పోగొట్టుకున్నవాడేనని తర్వాత తెలిసింది. ముందే చెప్పి చావొచ్చుగా!

రెండోసారి ఫోమ్‌బోర్డ్ తీసుకున్నాను. రెండు కాగితాల నడుమ అయిదు మిల్లీమీటర్ల ఫోమ్. కట్టర్‌ను ఒకేసారి గట్టిగా నొక్కితే లోపలి ఫోమ్ చిరుగుతుంది, తేలిగ్గా మూడు నాలుగు గీతలు గీస్తే అంచు అద్దంలా వస్తుంది. బ్లేడు మొన మొద్దుబారిందనుకుంటే వెంటనే విరిచేయాలి, అక్కడ పిసినారితనం పనికిరాదు. మూలల్లో గమ్, పైన గుండుసూదులు, రాత్రంతా ఆరబెట్టడం. గోడలకు వాల్ పుట్టీ పల్చగా మెత్తి, తడి ఆరకముందే పాత టూత్‌బ్రష్‌తో పొడిస్తే గరుకు సున్నపు గోడ తయారు.

పెంకుల దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. బజార్లో దొరికే అట్ట పల్చన, బూట్ల డబ్బా అట్ట మరీ మందం. ఒకరోజు మా ఆవిడ సూట్‌కేసు అడుగున, పచ్చళ్ల సీసాలు కదలకుండా కుక్కుకొచ్చిన కట్ట కనబడింది. అబ్బాయి పెళ్లికి మిగిలిపోయిన శుభలేఖలు. ముదురు అట్ట, మిల్లీమీటరులో సగం మందం, వంగదు, నలగదు. ఏడు మిల్లీమీటర్ల పట్టీలుగా కోశాను. ప్రతి పట్టీకి అయిదేసి మిల్లీమీటర్లకు ఒక గాటు, సగం దాకా. చూరు దగ్గర మొదటి వరస అంటించి, దాని మీద సగం కప్పేలా రెండోది, అలా కొప్పు దాకా. గాట్లు ఒకదాని కింద ఒకటి రాకూడదు, మన పెంకులు నేసేవాళ్లు చూసుకున్నట్టే. ఒక్క కొట్టు కప్పుకే అరవై ఆరు పట్టీలు పట్టాయి. అన్నీ బుద్ధిగా ఉంటే అది ఇల్లులా ఉండదు, అచ్చు పోసిన బొమ్మలా ఉంటుంది. అక్కడక్కడ ఒక పెంకు మూల లేపాను, రెండు మూడు పీకేశాను. రంగు వేయకముందు కోడలు వచ్చి చూసి, "మామయ్యా, వాకిలి వైపు నా పేరు కనిపిస్తోంది" అంది. నిజమే. పశువుల సాల మీద చి.ల.సౌ. అని బంగారు అక్షరాలు.

రంగు సంగతి వింటే మీకు వింతగా ఉంటుంది. తెల్ల గోడకు మొదట ముదురు గోధుమ రంగు పూస్తారు. ఇంత చిన్న ఇంటి మీద చూరు నీడ, రాతి సందుల నీడ సరిగా పడవు, గదిలో ట్యూబ్‌లైటు వాటిని చెరిపేస్తుంది. అందుకని నీడలను మనమే రంగుతో పెట్టాలి. గోధుమ రంగు ఆరాక, దంతపు రంగులో బ్రష్ ముంచి, న్యూస్‌పేపర్ మీద తుడిచి తుడిచి, ఇక ఏమీ లేదనుకున్నాక గోడ మీద విసురుగా ఆడించాలి. ఎత్తుగా ఉన్న చోట్లే రంగు అంటుకుంటుంది, పల్లాలు చీకటిగా మిగిలిపోతాయి. దీన్ని డ్రై బ్రష్ అంటారు. ఒక్కసారిగా గోడకు వయసు వస్తుంది. నేను ఆ క్షణం కుర్చీలో వెనక్కి వాలి కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. యుద్ధానికి ముందు రోజు అక్కడ కుండపోత వాన. అందుకని గోడల అడుగున బురద చిందిన మరకలు కూడా వేశాను.

నాకంటే ముందు ఈ ఇంటికి బొమ్మ కట్టినవాడు ఒకడున్నాడు. కెప్టెన్ సైబోర్న్. 1830లో వెళ్లి, ఈ లా ఏ సాంత్‌లోనే ఎనిమిది నెలలు మకాం పెట్టి, చుట్టుపక్కల నేలంతా సర్వే చేశాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో అడిగాడు. మైలుకు తొమ్మిదడుగుల లెక్కన మొత్తం యుద్ధరంగం తయారుచేసి 1838లో లండన్‌లో ప్రదర్శనకు పెట్టాడు. డెబ్బై వేలకు పైగా బొమ్మలు. ఇప్పుడది లండన్‌లో నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. మావాడు తీసుకెళ్తే అద్దం అవతల నుంచి గంటసేపు చూశాను. ఆ స్కేల్లో ఇల్లు నా అరచేతిలో పట్టేంత. ఆయన నేలకు కట్టుబడ్డాడు, నేను మనిషికి. ఎవరి ఇబ్బంది వారిది.

అప్పటికి నా కొట్టుకు తలుపు ఒక్కటే మిగిలింది. ఐస్‌క్రీమ్ పుల్లలు చీల్చి, పలకలు పేర్చి, ఇనుప పట్టీలు, మేకులు కూడా పెట్టి రెండు రెక్కలు చేశాను. మొత్తం పనిలో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. హాల్లో ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని మెచ్చుకుని, మెల్లగా అన్నాడు, ఆ తలుపు ఆ రోజు అక్కడ లేదని.

ముందు రోజు రాత్రి వానలో తడిసి, చలికి వణికి వచ్చిన సైనికులు పొలం వైపు ఉన్న కొట్టు తలుపును విరగ్గొట్టి మంటేసుకున్నారట. తెల్లారాక ఆ ఇంటినే కాపాడమన్నారు. ఇక ఆ ఖాళీని తలుపుతో కాదు, మనుషులతో మూయాల్సి వచ్చింది. ఫ్రెంచివాళ్లు రోజంతా అక్కడికే వచ్చిపడ్డారు. కొట్టుకు నిప్పంటుకుంటే సైనికులు తమ వంట డేగిసాలతో వాకిట్లో చెరువు నీళ్లు తెచ్చి ఆర్పారు. చివరికి తూటాలు అయిపోయాయి. ఎన్నిసార్లు కబురంపినా కొత్తవి రాలేదు. సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో ఇల్లు వదిలేశారు. తన పటాలంలో చివరికి తన దగ్గర మిగిలింది 42 మంది అని బేరింగ్ రాసుకున్నాడు.

ప్లింత్ ఏరియా సగం చేశాను, గుమ్మం తొమ్మిది మిల్లీమీటర్లు పెంచాను, ఎవరూ ఏమీ అనలేదు. తలుపు మాత్రం పెట్టనివ్వలేదు. నాకూ అదే సబబనిపించింది. రెండు రెక్కలూ ఊడదీశాను. ఒకదాన్ని ముక్కలు చేసి, అగ్గిపుల్లతో చివర్లు మాడ్చి, వాకిట్లో ఒక మూల చిటికెడు అగరుబత్తి బూడిద మీద అంటించాను. ఆట రోజున ఫ్రెంచి పక్షం వాళ్లు సరాసరి ఆ ఖాళీకే గురిపెట్టారు. మావాడు ఇంగ్లీషు పక్షం. అయిదో దఫా ఆడేసరికే కొట్టు పోయింది, పాచికలు అలా పడ్డాయి.

తిరిగొచ్చేటప్పుడు ఇల్లు నాకే ఇచ్చేశారు. కప్పు వేరుగా, గోడలు వేరుగా, చీరల మధ్య పెట్టుకుని తెచ్చాం. మొన్న సంక్రాంతికి మా ఆవిడ కొలువులో మూడో మెట్టు మీద పెట్టింది. ఒక పక్క కొండపల్లి అంబారీ ఏనుగు, ఇంకో పక్క తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు. పేరంటానికి వచ్చిన పక్కింటి పాప వంగి వంగి చూసి, "అమ్మమ్మా, ఈ ఇంటికి తలుపేదీ?" అంది.

మా ఆవిడ పసుపు కుంకుమ పళ్లెం సర్దుకుంటూ చెప్పింది: "చలేస్తే మంటేసుకున్నారమ్మా."