డిజైనర్‌కి ఇచ్చే ఆది

అందరికీ నమస్కారం. పచ్చళ్లు, పొడులు, పిండివంటలు చేసి అమ్ముతున్న మీతో లేబుళ్ల గురించి మాట్లాడమన్నారు. లేబుల్ చేయించే ముందు డిజైనర్‌కి మీరు రాసివ్వాల్సిన కాగితం ఒకటుంది. మా పనిలో దాన్ని బ్రీఫ్ అంటాం. ఈ రోజు దాని గురించే చెప్తాను.

జాకెట్టు కుట్టడానికిచ్చేటప్పుడు మీరేం చేస్తారు? గుడ్డతో పాటు ఆది జాకెట్టు ఇస్తారు. ‘చంకల దగ్గర అర అంగుళం వదులు చెయ్యి, వెనక మెడ ఇంత లోతు వద్దు, శుక్రవారం పెళ్లి ఉంది’ అని చెప్పి మరీ వస్తారు. అదే లేబుల్ దగ్గరికి వచ్చేసరికి ‘కొంచెం గ్రాండ్‌గా, మోడర్న్‌గా చెయ్యండి’ అని ఫోన్ పెట్టేస్తారు. గ్రాండ్ అంటే మీకు బంగారు రంగు అంచు కావచ్చు, నాకు చుట్టూ వదిలిన తెల్లటి ఖాళీ కావచ్చు.

ఎనిమిదేళ్ల కిందట ఒక అక్కకి ఆవకాయ లేబుల్ చేశాను. ఆవిడ సరిగ్గా ఆ రెండు మాటలే చెప్పింది, నేనూ అంతకుమించి అడగలేదు. మామిడికాయ బొమ్మతో లేబుల్ అందంగా వచ్చింది. మామూలు కాగితం మీద 5,000 స్టిక్కర్లు వేయించాం. పదిహేను రోజులకి ఆవిడ ఒక సీసా తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. మూత కింద నుంచి నూనె కారి స్టిక్కర్‌లోకి ఇంకింది. కాగితం పలచబడినట్టయి వెనకున్న ముక్కలు కనపడుతున్నాయి. తయారీ తేదీ స్టాంపు అలుక్కుపోయింది. ‘ఆవకాయ కదా తమ్ముడూ, నూనె కారదా?’ అంది. ఆవిడకి అది చెప్పనక్కర్లేనంత మామూలు సంగతి. నాకు తట్టలేదు. ఆ ఒక్క వాక్యం ముందే కాగితం మీద ఉంటే ప్లాస్టిక్ స్టిక్కరో, లామినేషనో వేసేవాళ్లం. అందుకే చెప్తున్నా, మీకు మరీ మామూలుగా అనిపించే సంగతులే ముందు రాయండి.

1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశంలో తిరిగి, డిజైన్ చదువు ఎలా ఉండాలో ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది దాని వల్లే. ఇక్కడ చూసిన వస్తువుల్లో వాళ్లు అన్నిటికంటే మెచ్చుకున్నది లోటా, మన చెంబు. అలాంటి చెంబు చేయాలంటే ఏమేం ఆలోచించాలో రాసుకుంటూ పోయారు. ఎన్ని నీళ్లు పట్టాలి? మోసేది నెత్తి మీదా, నడుం మీదా, చేత్తోనా? నిండుగా ఉంటే ఎటు తూగుతుంది, ఖాళీగా ఉంటే ఎటు? కడగడానికి మూతి వెడల్పు చాలుతుందా? రాతి మీద పెడితే చప్పుడు ఎలా ఉంటుంది? పాతదైపోయాక లోహానికి ఎంత వస్తుంది? ఎప్పుడు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. చెంబు వాడే మనిషి రోజంతా ఆ ప్రశ్నల్లో కనపడుతుంది.

మీ సీసాని కూడా అలాగే చూడండి. కొనేది పక్కవీధి వాళ్లా, కొడుకు దగ్గరికి డాలస్ వెళ్తూ సూట్‌కేసులో సర్దుకునేవాళ్లా? కొట్లో ఏ అరలో పెడతారు? ‘ఎరుపు పెంచండి’ అని రాసేకంటే ‘దూరం నుంచి మాది గోంగూరో మాగాయో తెలియట్లేదు’ అని రాయండి. ఎరుపు పెంచాలో, అక్షరం పెంచాలో మేం చూస్తాం.

లేబుల్ మీద అచ్చు వేయాల్సిన మాటలు, అంటే మేటర్ మాత్రం మొదటే పూర్తిగా కావాలి. బరువులో ఎక్కువున్నది ముందు వచ్చేలా పదార్థాలు, నికర బరువు, ఎమ్మార్పీ, బ్యాచ్ నంబరు, ఆహార పదార్థాలు అమ్మడానికి ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. రొయ్యల పచ్చడి కూడా చేస్తుంటే అదీ చెప్పాలి. శాకాహారానికి చదరంలో ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి చదరంలో గోధుమరంగు త్రిభుజం. ఒకే లేబుల్‌కి రంగు మారిస్తే కుదరదు. తెలుగు, ఇంగ్లిష్ రెండూ కావాలా? మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లిష్ లైను పట్టిన చోట తెలుగు లైను ఇరుకవుతుంది, మరీ చిన్న సైజులో ఒత్తు ముద్దగా పడుతుంది. మీరు వాట్సాప్‌లో పంపిన మాటల్ని అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చేటప్పుడు తప్పులు దొర్లుతాయి. అచ్చుకి ముందు సరిచూసుకోవడానికి ఇచ్చే చివరి ప్రూఫ్ మీరే చదివి సంతకం పెట్టండి.

ఫైనల్ ఓకే ఎవరిదో ఒక్క పేరు రాయండి. మూడు వారాలు కూర్చుని తేల్చాక అమెరికాలో అబ్బాయికి నచ్చలేదంటే పని మళ్లీ మొదటికొస్తుంది. అబ్బాయి మాటే ఆఖరైతే మొదటిరోజే అతన్ని ఫోన్లోకి తీసుకుందాం.

ఆ అక్క మరుసటి ఏడాది మళ్లీ వచ్చింది. చేతిలో పిల్లల నోట్‌బుక్ నుంచి చింపిన కాగితం. ‘సీసా అరకిలో. నూనె కారుతుంది. కొనేవాళ్లు ఎక్కువమంది యాభై దాటినవాళ్లు, కళ్లద్దాలు లేకుండా పేరు కనపడాలి. సీసా చుట్టూ 24 సెంటీమీటర్లు, టేపుతో కొలిచాను. ఉగాదికి ముందు కావాలి. 12,000 మించి పెట్టలేను’ అని రాసుంది. చదివాక నేను అడగాల్సింది ఒక్కటే మిగిలింది: బెల్లం ఆవకాయకి కూడా ఇదేనా అక్కా, వేరే లేబులా?