చీటీ రాసిచ్చాక ఆ పన్ను సంగతేమిటి?

[తెర మీద: బస్తీలోని అంగన్‌వాడీ కేంద్రం. టార్చి వెలుగులో ఒక పాప నోరు.]

వ్యాఖ్యానం: పేద పిల్లలకు దంత వైద్యం అనగానే చాలామందికి శిబిరమే గుర్తుకొస్తుంది. డాక్టర్లు వస్తారు, పిల్లల నోళ్ళు చూస్తారు, బ్రష్షులు పంచుతారు, పళ్ళు పుచ్చినవారికి పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిస్తారు. అసలు చిక్కు ఆ చీటీతోనే మొదలవుతుంది.

[తెర మీద: నగర పటం. జగద్గిరిగుట్ట నుంచి అఫ్జల్‌గంజ్ వరకు గీత.]

హైదరాబాద్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి పక్కన ఉంది. జగద్గిరిగుట్ట నుంచో బోరబండ నుంచో బిడ్డను తీసుకుని ఉదయానికల్లా అక్కడికి చేరి, ఓపీ వరుసలో నిలబడి, సాయంత్రానికి ఇల్లు చేరాలంటే నాలుగిళ్ళలో పనిచేసే తల్లికైనా, అడ్డా మీద పని కోసం నిలబడే తండ్రికైనా ఆనాటి కూలి పోయినట్టే. వేరు దాకా పుచ్చిన పన్నుకు ఒక్కసారి వెళితే సరిపోకపోవచ్చు కూడా. “పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి” అని వాళ్ళు ఊరుకుంటే తప్పంతా వాళ్ళదే అనడం న్యాయం కాదు.

అయితే ఆ మాటలో సగమే నిజం. వెనకవైపు పాలదవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ వయసు దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, తర్వాత వచ్చే పన్నుకు చోటు లేకుండా చేస్తాయి. ఇంకొక సంగతి తల్లిదండ్రులకు తరచుగా తెలియదు: ఆరేళ్ళ ప్రాయంలో ఏ పన్నూ ఊడకుండానే చివరన మొలిచే దవడపన్ను పాలపన్ను కాదు, జీవితాంతం ఉండవలసినది.

[తెర మీద: 51.4 కోట్లు]

పాలపళ్ళు పుచ్చిన పిల్లలు ప్రపంచవ్యాప్తంగా 51.4 కోట్ల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక అంచనా వేసింది. ఇందరినీ దంత వైద్యుడి కుర్చీ దాకా తీసుకురావడం ఏ దేశానికీ సాధ్యం కాదు కనుక, కుర్చీ అవసరం లేని వైద్యం గురించి ఆలోచించాలి.

అలాంటి వైద్యం ఇప్పటికే ఉంది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రావణాన్ని పుచ్చు మీద పూస్తే, సూది, డ్రిల్లు ఏవీ లేకుండానే చాలా పళ్ళలో పుచ్చు ముదరకుండా ఆగుతుంది. 1980లలో టాంజానియాలో రూపుదిద్దుకున్న మరో పద్ధతిలో, మెత్తబడిన భాగాన్ని చేతి పరికరాలతోనే తీసి గ్లాస్ అయోనమర్ సిమెంటు నింపుతారు. దానికి కరెంటు కూడా అక్కరలేదు. ఈ ద్రావణం, ఈ సిమెంటు, ఫ్లోరైడ్ పేస్టు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేరాయి. ద్రావణం పూసిన చోట పన్ను నల్లబడుతుంది కాబట్టి, ఆ సంగతి ముందుగా తల్లికి చూపించి, ఒప్పుకున్నాకే పూయాలి. చీము పట్టిన పన్నుకు మాత్రం ఇవేవీ పనికిరావు, ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

(నల్గొండలో ఎముకలను, పళ్ళను దెబ్బతీసిన ఫ్లోరోసిస్ గురించి విన్నవారికి ఫ్లోరైడ్ అంటే భయం ఉండడం సహజమే. అక్కడి కీడు ఏళ్ళ తరబడి తాగిన భూగర్భజలంలోని ఎక్కువ మోతాదు వల్ల జరిగింది. మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు, ఉమ్మేయడం నేర్పాలి.)

[తెర మీద: అంగన్‌వాడీ ముందు ఆగిన వైద్య బృందం వాహనం.]

ఇవన్నీ పిల్లల దాకా చేర్చడానికి కొత్త వ్యవస్థ అక్కరలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మార్గదర్శకాల ప్రకారం సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి కనీసం రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వెళ్ళాలి. పుచ్చుపళ్ళు వాళ్ళు చూడవలసిన సమస్యల్లో ఒకటి. కానీ బృందంలో ఉండేది ఆయుష్ (ఆయుర్వేదం, హోమియో వంటి) వైద్యులు, ఏఎన్ఎం (నర్సు), ఫార్మసిస్టు. దంత వైద్యులు ఉండరు. అందుకే అక్కడా పని చీటీతో ఆగుతుంది. దంత కళాశాలల హౌస్ సర్జన్లను (చదువు ముగించి శిక్షణలో ఉన్న దంత వైద్యులను), వారి అధ్యాపకుల పర్యవేక్షణలో, ఈ బృందాలతో పంపితే చూసిన రోజే సిల్వర్ ద్రావణం పూత వేయవచ్చు. ఆ పూతను సాధారణంగా ఆరు నెలలకోసారి మళ్ళీ వేస్తారు, అంగన్‌వాడీ రాకపోకల లెక్కకు అది సరిగ్గా సరిపోతుంది. పాఠశాలల్లో ఏడాదికొక్కసారే కాబట్టి, అక్కడ ఒకటి, రెండు తరగతుల పిల్లల కొత్త దవడపళ్ళ మీది గాడులను సీలెంటుతో (పుచ్చు పట్టకుండా వేసే పలుచని పూతతో) మూయడం మొదటి పనిగా పెట్టుకోవాలి. చీము పట్టిన పళ్ళ పిల్లలను మాత్రం, ఒక్కొక్కరి చేతికి చీటీ ఇచ్చి పంపడం కాక, ముందుగా ఖాయం చేసిన తేదీన ఒకే బండిలో అఫ్జల్‌గంజ్‌కు తీసుకెళ్ళాలి.